బురదకాయలు

ఆ వేసవిలో మా అత్తవారింటి ఆల్చిప్పలు కింది నుంచి పైకి చనిపోతూ వచ్చాయి. 'కింది నుంచి' అన్న మాటలోనే సగం సమాధానం ఉంది. అది అందరి కళ్ల ముందూ ఉంది కాబట్టే కాబోలు, ఎవరికీ కనబడలేదు.

మా ఇంటి పైకప్పు పనులు పెట్టుకోవడం వల్ల ఆ ఎండాకాలమంతా నేనూ నా భార్యా ఆమె పుట్టింట్లో గడిపాం. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన ఒక పాయ ఒడ్డున ఉంటుంది ఆ ఇల్లు. పైన గదులు, కింద అంతా పనిగది. పనిగదిలో సిమెంటు తొట్లు, పొడవాటి చెక్కబల్ల, గోడకు వేలాడే తీగ బ్రష్షులు, మూలన ఐసు పెట్టె. తలుపు తీస్తే పడవలు దిగే వాలు, వాలు పక్కన ఒక రేకుల షెడ్డు. ఎదురుగా నీటి మీద వరసలు వరసలుగా తేలే పీపాలు. ప్రతి పీపా నుంచీ తాళ్లు దిగుతాయి. ఆ తాళ్లను పట్టుకుని, అడుగు బురదకు కాస్త ఎత్తు దాకా, ఆల్చిప్పలు పెరుగుతాయి.

నా భార్యకు ఇద్దరు తమ్ముళ్లు. ఇంట్లో వాళ్ల పేర్లు పెద్దోడు, చిన్నోడు. ఇద్దరికీ తలలు నెరిశాయి గానీ ఆ పేర్లు మాత్రం నెరవలేదు. పెద్దోడిది పూర్తిగా ఆల్చిప్పల పని. చిన్నోడిది సగం ఆల్చిప్పలు, సగం ఇంజన్లు. ఆ రేకుల షెడ్డులో చుట్టుపక్కల పడవల ఇంజన్లన్నీ విప్పి బిగిస్తాడు. వాళ్లమ్మ, అంటే మా అత్తయ్య, ఏ పనీ చేయదు. అందరి పనీ చూస్తుంది.

పెద్దోడికి శుభ్రం ఒక వ్యసనం. కడిగిన బల్లనే కడుగుతాడు. తండ్రి వేలి నుంచి తన వేలికి వచ్చిన వెండి ఉంగరాన్ని రోజూ పొద్దున్నే పళ్లు తోముకున్న పేస్టుతోనే తోముతాడు.

"సంబంధం మాట్లాడ్డానికి తీసుకెళ్తే పిల్ల వైపు చూడలేదు అల్లుడుగారూ, వాళ్ల కిటికీ ఊచల మీద దుమ్ము చూశాడు," అనేది అత్తయ్య. "అందుకే ఇప్పుడు ఇంట్లో దుమ్మూ లేదు, పెళ్లామూ లేదు."

మేం వెళ్లిన రోజే పెద్దోడు నన్ను పడవలో ఎక్కించుకుని వరసల మధ్యకు తీసుకెళ్లాడు. అడుగున గాజు బిగించిన డబ్బా ఒకటి చేతికిచ్చాడు.

"నీళ్లలోకి కాదు బావా, నీళ్ల కిందికి చూడండి."

చూశాను. అడుగంతా నున్నగా, అప్పుడే గచ్చు చేసినట్టు ఉంది.

"ఏం చేశావు?"

"ఊడ్చాను."

పళ్లున్న ఇనుప చట్రానికి వల కట్టి, పడవ వెనక తగిలించి, చలికాలం చివర్లో అడుగునంతా ఈడ్చాడట. వలలో పడ్డవి బురదకాయలు. పుస్తకాల్లో వాటిని సముద్ర దోసకాయలంటారు. జానెడు పొడవున, కుళ్లిన వంకాయల్లా, తలేదో తోకేదో తెలియకుండా బురదలో పడి ఉండే జంతువులు.

"భయపెడితే పేగులు కక్కుతుంది బావా అది! తినే సరుకు పైన వేలాడుతుంటే కింద అలాంటివి పొర్లుతుండడం నాకే ముద్ద దిగనిచ్చేది కాదు. మొత్తం తీసి షెడ్డు వెనక గొయ్యి తవ్వి పూడ్చేశా." అని, చివరి వరస వైపు అయిష్టంగా గడ్డం ఎత్తి చూపించాడు. "ఆ ఒక్క వరసే మిగిలింది. అమ్మ అక్కడ వల పడనివ్వలేదు."

చివరి వరస కింద వాళ్ల నాన్న పాత పడవ మునిగి ఉంది. వల ఈడ్చే రోజున అత్తయ్య వాలు మీద కుర్చీ వేయించుకుని కూర్చుందట. "మీ నాన్న పడవ మీద ఆ ఇనప పళ్లు పడ్డాయంటే, నీ పళ్లు నా చేతికొస్తాయిరా పెద్దోడా," అందట. అతనికి బురదంటే అసహ్యం, అమ్మంటే భయం. భయమే గెలిచింది.

నేను అతని పనిని మెచ్చుకున్నాను. పట్టణానికి మంచినీళ్లు సరఫరా చేసే చోట నీటిని పరీక్షిస్తూ పనిచేసి రిటైరైన మనిషిని. అద్దంలాంటి అడుగును చూస్తే ఎలా మెచ్చుకోకుండా ఉంటాను?

ఎండలు ముదిరాయి. తర్వాత గాలి ఆగింది. పాయలో నీళ్లు పళ్లెంలో పోసిన నూనెలా కదలకుండా పడుకున్నాయి. అటువంటి ఒక ఉదయం పెద్దోడు పైకి లాగిన తాళ్లను బల్ల మీద పరిస్తే, చాలా చిప్పలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

బతికున్న ఆల్చిప్పకు తెలిసిన రాజకీయం ఒక్కటే: బయటి సంగతి నచ్చకపోతే తలుపు మూసుకోవడం. లోపల దాచుకున్న నీళ్లతో చాలాసేపు నెట్టుకొస్తుంది. చివరికి ఊపిరాడక తెరుస్తుంది. బయట అదే నీరు ఉంటే, ఇక మూయలేదు. పెద్దోడు ఒక్కొక్క చిప్పనూ బ్రష్షు పిడితో తట్టి చూస్తున్నాడు. మూసుకోనిదాన్ని తొట్లో పడేస్తున్నాడు. తొట్టి నిండుతోంది.

"ఇది నూనె పని," అన్నాడు.

చిన్నోడు అప్పుడే షెడ్డులోంచి వచ్చాడు. మోచేతుల దాకా గ్రీజు. "ఏం నూనె?"

"నీ షెడ్డు నూనె. వాలు దగ్గర నీళ్ల మీద రంగులు తేలుతుంటే కనబడ్డం లేదా?"

"వాన పడితే రోడ్డు మీదా తేలతాయి రంగులు. రోడ్డు చచ్చిపోయిందా?"

"నా దగ్గర ఎకసెక్కాలొద్దు. నీ వరసలో కూడా చచ్చాయి, చూసుకున్నావా?"

"చూసుకున్నా. నా వరసను నేనే చంపుకున్నానంటావా?"

"తెలిసి చంపావనలేదు. సీజను అయ్యేలోపు షెడ్డు ఎత్తెయ్, అంతే."

"షెడ్డు పోతే నేనూ పోతా అన్నయ్యా. పెళ్లాం, పిల్లలు, పానాలు, అన్నీ కట్టుకుని."

"నిన్ను పొమ్మన్లేదు. షెడ్డును పొమ్మన్నా."

"అది నడవదుగా. నేనే మొయ్యాలి."

మెట్ల మీద కూర్చున్న అత్తయ్య నా వైపు తిరిగింది. "బాగా తోముతున్నారు అల్లుడుగారూ. చిప్పల్ని కాదు, ఒకళ్లనొకళ్లు. జీవితమంతా నీళ్ల వాసన చూశారు కదా మీరు, ఈ నీళ్లేమంటున్నాయో కాస్త కనుక్కోండి."

అన్నదమ్ములిద్దరూ ఒప్పుకున్నారు. నూనె ఉందని తేలితే మర్నాడే షెడ్డు విప్పేస్తానన్నాడు చిన్నోడు. లేదని తేలితే ఇక నోరెత్తనన్నాడు పెద్దోడు. ఆ రాత్రి నా భార్య మంచం మీద కూర్చుని చాలాసేపు జడ అల్లుకుంది.

"ఏమండీ, వాడు వెళ్తే అమ్మ ఎవరి దగ్గరుంటుంది?"

"ఇల్లు ఇక్కడే ఉంటుందిగా. ఇక్కడే."

"చిన్నోడి పిల్లలు లేని ఇంట్లో అమ్మ ఎన్నాళ్లుంటుంది?"

పరీక్ష చేయగల ప్రశ్న కాదది.

గాజు సీసాలలో నీళ్లు పట్టి, నేను పనిచేసిన చోటికి తీసుకెళ్లి, నా తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చున్నావిడ చేత పరీక్ష చేయించాను. వాలు దగ్గర నీటిలో నూనె జాడ ఉంది. వరసల దగ్గర, చంపేంత కాదు కదా, చెప్పుకునేంత కూడా లేదు.

పెద్దోడు ఆ మాట విని బల్ల తుడవడం ఆపలేదు. "ఆవిడెప్పుడైనా ఆల్చిప్పలు పెంచిందా?"

"లేదు."

"మరి ఆవిడకేం తెలుసు?"

"నూనె తెలుసు. నువ్వడిగింది నూనె గురించే."

అతను గుడ్డ పక్కన పడేసి కుడి చెయ్యి నా ముఖం ముందు చాపాడు. వేలికున్న ఉంగరం బొగ్గులా నల్లబడి ఉంది. "పొద్దున లంగరు రాయి బురదలో కూరుకుపోతే మునిగి చేత్తో తవ్వా. పైకొచ్చేసరికి ఇలా ఉంది. వెండి విషాన్ని పట్టిస్తుంది బావా. దీనికి జీతమివ్వక్కర్లేదు, మొహమాటం లేదు."

"వెండిని నల్లబరిచేది విషం కాదయ్యా, గంధకం. ఉడికిన గుడ్డు పచ్చసొనలో వెండి చెంచా పెట్టు, అదీ నల్లబడుతుంది. గుడ్డులో మీ తమ్ముడు నూనె పోశాడా? గాలాడని చోట ఏదైనా కుళ్లితే ఆ వాయువు పుడుతుంది. నీ చేతికి కుళ్లిన గుడ్ల వాసన రాలేదూ?"

"వచ్చింది."

"అదే ఇది."

"విషం కూడా కంపు కొడుతుంది," అన్నాడతను. నోరెత్తనన్న మాట అంతటితో సరి.

మర్నాడు చిన్నోడు షెడ్డు రేకులు విప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ వద్దనలేదు. అంతవరకూ ఆ ఇంట్లో వినబడిన శబ్దాలన్నీ ఏదో ఒకటి బిగించేవి. బోల్టులు ఊడుతున్న శబ్దం కొత్తగా ఉంది. పట్టణంలో రెండు గదుల వాటా ఒకటి చూసి వచ్చానని భోజనాల దగ్గర కంచంతో చెబుతున్నట్టు చెప్పాడు. అత్తయ్య పెరుగు గిన్నె అతని వైపు జరిపింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పనిగదిలో చిన్నోడి భార్యతో కలిసి నేనూ చిప్పలు ఏరుతున్నాను. ఆమె మాట్లాడుతూనే పనిచేస్తుంది.

"ఎవరి కళ్లు పడ్డాయో అన్నయ్యగారూ. మీరు నమ్మరు గానీ, పోయినేడు ఇంత కాపు చూసి ఎంతమంది కుళ్లుకున్నారో నాకు తెలుసు."

"నమ్ముతానమ్మా, కాస్త ఆధారం చూపించు," అన్నాను. "దిష్టి అంటే చూపే కదా. చూపు పైనుంచి వస్తుంది. పైన తగలాలి. ఈ చచ్చినవన్నీ తాడు కింది కొసవి. నీళ్లలోకి అంత లోతుకు దిగి కిందివాటికే తగిలే దిష్టి ఎక్కడైనా ఉందా?"

ఆమె నవ్వింది. నేను నవ్వబోయి ఆగిపోయాను. వేళాకోళానికి అన్న మాట నాకే వచ్చి తగిలింది.

పెద్దోడిని పిలిచాను. "ఈ తాడును బల్ల మీద పడుకోబెట్టకు. నీళ్లలో ఎలా ఉంటుందో అలా ఆ దూలానికి వేలాడదియ్యి."

ఎందుకని విసుక్కుంటూనే కట్టాడు. కింది చివర చిప్పలన్నీ తెరుచుకుని, ఖాళీగా, తెల్లగా ఉన్నాయి. మధ్యలో చచ్చినవీ బతికినవీ కలిసి ఉన్నాయి. పైన, పీపాకు దగ్గరి భాగంలో, ఒక్కటీ చావలేదు. రెండో తాడూ అంతే. మూడోదీ అంతే.

"నూనె ఎక్కడుంటుంది?" అని అడిగాను.

బయట బోల్టు విప్పుతున్న శబ్దం ఆగింది. చిన్నోడు పానా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "పైన తేలుతుంది," అన్నాడు మెల్లగా. "చంపితే పైవాటినే చంపాలి."

"మరి కిందివాటిని చంపిందేంటి?" అన్నాడు పెద్దోడు, తమ్ముడితో కాదు, తాడుతో.

"నాకు తెలియదు," అన్నాను. "ఇంకోసారి చూద్దాం. చివరి వరస ఎలా ఉంది?"

ఎవరూ చూడలేదు. అత్తయ్యకు కోపం వస్తుందని ఆ వైపు పడవే తిప్పలేదు. ముగ్గురం బయల్దేరాం. చిన్నోడు తెడ్డు వేశాడు, పెద్దోడు ముందు కూర్చున్నాడు, ఇద్దరి మధ్యా నేను గోడలా ఉన్నాను. మునిగిన పడవ మీది వరసలో ఒక తాడు లాగారు. బరువుగా వచ్చింది. చిట్టచివరి దాకా ప్రతి చిప్పా మూసుకుని ఉంది. చిన్నోడు తట్టాడు, ఏదీ తలుపు తీయలేదు.

రెండు గిన్నెల్లో బురద తెచ్చాం. ఒకటి ఊడ్చిన చోటిది, రెండోది పాత పడవ పక్కది. ఊడ్చిన చోటి బురద తారులా నల్లగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకోలేం. పడవ పక్కది గోధుమ రంగులో, మామూలు తడి మట్టి వాసనతో ఉంది. పెద్దోడు లోపలికెళ్లి ఉంగరాన్ని పేస్టుతో తోమి తెల్లగా చేసి తెచ్చాడు. నేనేమీ చెప్పలేదు, తనకు తోచిందే చేశాడు. ముందు గోధుమ రంగు బురదలో ముంచి ఉంచాడు. అత్తయ్య టీ పోసింది. తాగడం అయ్యాక తీసి కడిగాడు. తెల్లగానే ఉంది. తర్వాత నల్ల బురదలో పెట్టాడు. ఈసారి రెండో టీ సగం తాగేలోపే తీశాడు. ఉంగరం రంగు చెప్పనక్కర్లేదు.

బల్ల చుట్టూ అందరం నిలబడ్డాం. నేను నాకు తెలిసినంత చెప్పాను. ఆల్చిప్ప నీళ్లు తాగి, తిండి ఉంచుకుని, మిగిలింది చిన్న చిన్న ఉండలు చేసి కిందికి వదుల్తుంది. పాయ నీళ్లు అంత తేటగా ఉండడం దాని చలవే. అయితే పైన వదిలిందంతా కింద పేరుకుంటుంది. ఎండకు నీళ్లు వేడెక్కి, గాలి లేక కదలకపోతే, ఆ పేరుకున్నది కుళ్లుతుంది. కుళ్లు అడుగు నీళ్లలోని ఊపిరిని తినేస్తుంది. చచ్చిన చిప్పలు రాలి ఆ కుళ్లునే పెంచుతాయి. ఆ నీరు రోజురోజుకూ తాడు వెంబడి పైకి ఎక్కుతుంది.

"ఇన్నేళ్లూ ఎందుకు కుళ్లలేదు? అప్పుడూ ఎండలున్నాయిగా," అన్నాడు చిన్నోడు.

పెద్దోడు ఉంగరాన్ని వేలికి పెట్టుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అడిగాడు.

"బావా, ఆ బురదకాయలు ఏం తింటాయి?"

"బురద."

"బురదంటే?"

"పైనుంచి పడిందంతా. ఒక వైపు నుంచి మింగి, రెండో వైపు నుంచి శుభ్రమైన ఇసుక వదుల్తాయి."

"ఎంత తింటాయి?"

"ఆపకుండా తింటాయి. వాటికి వేరే పని లేదు."

అతను బల్ల మీద ఒలికిన నల్ల బురద చుక్కను చూస్తూ ఉండిపోయాడు. తుడవలేదు.

నేను అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ అలవాటు ఊరుకోనివ్వదు. "ఇదే కారణమని తేల్చి చెప్పలేను. మునిగిన పడవ చుట్టూ నీళ్లు కాస్త వేరుగా కదులుతుండొచ్చు. ఒక్క మూలను చూసి—"

"మీరసలు ఎవరి వైపు బావా?" అన్నాడు చిన్నోడు.

"తెలియని వైపు."

"ఆ వైపు జనం తక్కువే," అంది అత్తయ్య. తర్వాత పెద్ద కొడుకుతో, "గొయ్యి తవ్వి పూడ్చావు, సరే. తవ్వితే లేచొస్తాయా?" అంది.

"రావమ్మా."

"మీ నాన్న పడవ కింద ఉన్నాయి కదా. అడిగి తెచ్చుకో."

మర్నాడు పాటు సమయానికి, నీళ్లు ఛాతీ దాకా దిగాక, పెద్దోడు పాత పడవ దగ్గర నీళ్లలో దిగాడు. పొద్దున్నే తోమిన తెల్లటి బకెట్టు తెచ్చుకున్నాడు. మునిగి ఒక బురదకాయను రెండు చేతుల్లో పట్టుకుని పైకి వచ్చాడు. మొహం పక్కకు తిప్పుకుని, చంటిపిల్లను మొదటిసారి ఎత్తుకున్న మగవాడిలా. అది అతని మణికట్టు మీద పేగులు కక్కింది. అతను కళ్లు మూసుకున్నాడు గానీ దాన్ని వదల్లేదు. బకెట్టులో దించి మళ్లీ మునిగాడు.

నేను పడవలో కూర్చున్నాను. అతను అన్నిటినీ తేలేదు. సగానికి పైగా అక్కడే ఉంచాడు. బకెట్టు నిండాక పడవ ఎటు పోనివ్వాలని అడిగాను. అతని వరసలు దగ్గర. తమ్ముడివి దూరం.

"చిన్నోడి వరసల కిందికి," అన్నాడు.

వాలు మీద నిలబడి చిన్నోడు అదంతా చూశాడు. మేం తిరిగొచ్చేసరికి షెడ్డు మీద ఉన్నాడు. ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు. ఆ శబ్దం విప్పేది కాదు, బిగించేది. పెద్దోడు బురద కాళ్లతో పనిగదిలోకి నడిచి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ కేకేశాడు.

"రేయ్, నీ ఇంజన్ల కింద రేకు పళ్లేలు పెట్టు. వాలు మీద రంగులు నాకు నచ్చవు."

"పెడతాలే," అంది షెడ్డు.

ఆ రెండు మాటలు తప్ప వాళ్ల మధ్య రాజీ మాటలేవీ జరగలేదు. పట్టణంలోని వాటాకు ఇచ్చిన మాట చిన్నోడి భార్య ఫోనులో వెనక్కి తీసుకుంది.

ఆ ఏడు కాపులో చాలా భాగం పోయింది. మిగిలింది తర్వాత నిలిచింది. అయితే ఆ వారమే గాలి తిరిగింది, తర్వాత వానలొచ్చాయి, నీళ్లు చల్లబడ్డాయి. బురదకాయల వల్ల ఎంత, గాలివాన వల్ల ఎంత అన్నది నేను విడదీసి చెప్పలేను. ఇన్ని జంతువులు ఒక ఎండాకాలంలో ఇంత అడుగును బాగుచేస్తాయంటే నాకే అనుమానం. మరుసటి ఏడు వేసవిలో వెళ్లినప్పుడు గాజు డబ్బాతో చూశాను. అడుగు నున్నగా లేదు. గచ్చులా లేదు. గోధుమ రంగు మట్టి మీద, గీతలు గీతలుగా, ఏవో నిదానంగా పాకిపోయిన దారులు ఉన్నాయి.

భోజనాల దగ్గర పెద్దోడు కడిగిన కంచాన్నే మళ్లీ కడుక్కుని కూర్చున్నాడు. వడ్డిస్తున్న అత్తయ్య కళ్లు అతని చేతి మీద ఆగాయి.

"వెండిదని చెబితే తప్ప తెలియట్లేదురా ఆ ఉంగరం. ఏడాదైంది. పేస్టు అయిపోయిందా?"

"ఉండనీ అమ్మా," అన్నాడు పెద్దోడు, పెరుగు గిన్నె తమ్ముడి వైపు జరుపుతూ.